నేలమాళిగలలో ఊటనీరు
(హెబ్బగోడి తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో భాషను గూర్చి, బడిని గూర్చి, పండుగలను గూర్చి మాటలాడుట ఆచారము. నేడు మేము గోడల నెమ్మును గూర్చి మాటలాడ నెంచితిమి. ఇది కొందరికి వింతగా తోపవచ్చును. కాని గడచిన వానకాలమున మా అంగడికి వచ్చిన మనవారిలో పెక్కుమంది అడిగిన ప్రశ్న యొక్కటే. “సెల్లారులో నీరు ఊరుచున్నది. ఏ డబ్బా పూసిన ఆగును?” అని.

మేము సిమెంటు, రంగులు, గొట్టములు అమ్ముకొని బ్రతుకువారము. డబ్బా అమ్ముట మాకు లాభమే. అయినను ఈ సభాముఖమున చెప్పవలసిన మాట వేరు. నీరు ఎచ్చటి నుండి వచ్చుచున్నదో తెలియక పూసిన పూత ఏదియు నిలువదు. ఈ యొక్క మాటను వివరించుటకే మేము మీ సమయమును కోరుచున్నాము.

మన తాతల నాడు హెబ్బగోడి, కమ్మసంద్ర, బొమ్మసంద్ర ప్రాంతములందు రాగి చేలు, ఉలవ చేలు, నడుమ నడుమ బావులు, చెరువులు ఉండెడివి. ఆనాటి ఇండ్లకు నేలమాళిగలు లేవు. కాని నేలలోపల ఒక గది మాత్రము ఉండెడిది. అదియే రాగుల పాతర. కన్నడిగులు దానిని హగేవు అందురు. పాతర త్రవ్వుటకు పెద్దలు ఎంత ఆలోచించెడివారో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పల్లమున త్రవ్వరు, మెరకననే త్రవ్వుదురు. వదులు నేలలో త్రవ్వరు, గట్టి నేలలోనే త్రవ్వుదురు. లోపల గడ్డి పరచి రాగులు పోసి, పైన వాన నీరు నిలువకుండ మన్ను మెత్తి మూయుదురు. తెరచిన పిమ్మట చెడుగాలి పోవువరకు మనిషిని దింపరు. అందువలననే పాతరలోని రాగులు ఏండ్ల తరబడి చెడక నిలిచెడివి. ధాన్యమునకు చూపిన ఈ జాగ్రత్తను నేడు మనుష్యులుండు గదికి మనము చూపుచున్నామా అని ఆలోచింపవలెను.

కాలము మారినది. ప్రక్కనే ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర పారిశ్రామికవాడ పెరిగినవి. 2025 ఆగస్టున మెట్రో రైలు పసుపు మార్గము బొమ్మసంద్ర వరకు వచ్చి, హెబ్బగోడికిని ఒక నిలయము ఏర్పడినది. నేల ధర పెరిగినకొలది మనవారు ముప్పది నలుబది అడుగుల స్థలమున ఆకాశము వైపునకే గాక పాతాళము వైపునకును ఇల్లు పెంచిరి. మొదట బండి నిలుపుటకని త్రవ్విన సెల్లారునకు తరువాత పలకలు పరచి, గోడలకు ప్లైవుడ్డో జిప్సము బల్లలో బిగించి, రంగులు వేసి గదులు చేసిరి. ఒకచోట కుట్టుమిషన్లు, ఒకచోట సరకుల గిడ్డంగి, ఒకచోట ఊరి నుండి క్రొత్తగా ఉద్యోగమునకు వచ్చిన మన పిల్లలకు పడకలు. ఇప్పుడు ఊటనీరు పాడుచేయునది గోడను మాత్రమే కాదు. ఒకరి జీవనమును, మరియొకరి ప్రాణమును కూడ.

పలువురు మమ్ము అడుగు సందేహము ఒకటి కలదు. “వేయి అడుగులు బోరు వేసినను నీరు పడదు. ఎనిమిదడుగుల సెల్లారులో మాత్రము ఊట వచ్చును. ఇదెక్కడి న్యాయము?” అని. న్యాయము ఉన్నది. బెంగళూరు ప్రాంతపు నేల పైన ఎర్రమన్ను, దాని క్రింద శిథిలమైన రాతిపొర, ఆ క్రింద గట్టి బండ. బోరులో దొరకునది బండ పగుళ్లలోని లోతైన నీరు. సెల్లారులోనికి వచ్చునది బండమీద నిలిచి, పైపొరలలో ప్రక్కకు ప్రాకు నీరు. వానలు బాగుగా కురిసిన ఏట ఈ పైనీటి మట్టము పైకి వచ్చును. క్రింది నీరు ఎండినను పైనీరు ఉండవచ్చును. మన బోరు ఎండినది గదా అని సెల్లారునకు భయము లేదనుకొనుట సరికాదు.

దీనికి తోడు మనము చేతులార చేయు పని మరియొకటి కలదు. పునాదికి గుంత త్రవ్వినపుడు గోడ వెలుపల రెండు మూడడుగుల సందు విడుతురు. గోడ లేచిన తరువాత ఆ సందులో వదులు మన్ను, ఇటుక ముక్కలు, ఖాళీ సంచులు పోసి పూడ్చుదురు. చుట్టునున్న నేల గట్టిది. పూడ్చిన మన్ను వదులైనది. వాననీరు ఆ వదులు మన్నులోనికి దిగి, ఆవలి గట్టి నేలలోనికి త్వరగా ఇంకలేక అచ్చటనే నిలుచును. అనగా మన సెల్లారు నీళ్ల తొట్టిలో దింపిన పెట్టె వంటిది. మీటరు ఎత్తున నీరు నిలిచెనా, అడుగు భాగమున చదరపు మీటరునకు దాదాపు ఒక టన్ను ఒత్తిడి గోడపై పడును. అంత బరువుతో వెలుపలి నుండి త్రోయు నీటిని లోపల పూసిన పలుచని రంగు ఎట్లు ఆపగలదు? కొన్ని నెలలకే బుడగలు లేచి, పెచ్చులూడి, తెల్లని ఉప్పు పూయును. ఆ ఉప్పు గోడలోనిదే. నీరు దానిని కరగించి బయటికి తెచ్చి, తాను ఆవిరియై పోయినది. గోడమీద ఉప్పు పూసినదనగా ఆ దారిన నీరు నడచుచున్నదని అర్థము.

కావున మొదటి పని మందు పూయుట కాదు, రోగము తెలిసికొనుట. దీనికి ఖర్చు లేని పరీక్షలు కొన్ని కలవు.

మొదటిది. అడుగున్నర చదరపు ప్లాస్టికు కాగితమును గోడ ఆరియున్న చోట పెట్టి, నాలుగు అంచులకును టేపు అంటించి, ఒక పగలు ఒక రాత్రి విడువుడు. కాగితము పైవైపు చెమ్మ పట్టినచో అది గదిలోని గాలి తేమ, చల్లని గోడకు తగిలి నీరైనది. దానికి గాలి ఆడు ఏర్పాటు చాలును. కాగితము వెనుక, గోడ వైపున చెమ్మ పట్టినచో నీరు గోడలో నుండియే వచ్చుచున్నది.

రెండవది సంపు పరీక్ష. మన ఇండ్లలో త్రాగునీటి సంపు పెక్కుచోట్ల సెల్లారు గోడను ఆనుకొనియే యుండును. సాయంకాలము సంపు నింపి, వచ్చు నీటిని కట్టి, మోటారు ఆపి, నీటి మట్టమున సుద్దగీత గీయుడు. తెల్లవారునప్పటికి గీత క్రిందికి నీరు దిగినచో, ఊరుచున్నది భూమి నీరు కాదు, మీరు డబ్బిచ్చి టాంకరులో కొన్న నీరే. సంపును బాగుచేసిన చాలును, సెల్లారు గోడను ముట్టనక్కర లేదు.

మూడవది. పై అంతస్తు స్నానపు గది జాలిలో రంగునీరు పోసి, క్రింద ఆ రంగు కనబడునేమో రెండు మూడు దినములు చూడుడు. దుర్వాసన గల నీరైనచో ముందుగా మురుగు గొట్టమును అనుమానింపుడు.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ఒక చిన్న పుస్తకము. వాన పడిన తేదీ, గోడ తడిసిన తేదీ, తడి ఎంత ఎత్తు వచ్చినదో దానిలో వ్రాయుడు. తడి అంచున గోడమీద పెన్సిలుతో గీత గీయుడు. వాన వచ్చిన కొన్ని గంటలకే తడిసి త్వరగా ఆరినచో అది పైనుండి, అనగా ముంగిటి నుండియో మిద్దె గొట్టము నుండియో దిగు నీరు. వాన వెలిసిన కొన్ని దినములకు మొదలై వారముల తరబడి నిలిచినచో అది భూమిలోని నీరు. వానతో సంబంధము లేక ఏడాది పొడుగున ఒకే తీరున నున్నచో అది గొట్టమో సంపో. ఈ పుస్తకము చేతిలో నున్న గృహస్థును ఏ మేస్త్రీయు సులభముగా మోసగింపలేడు.

ఇక చికిత్స. “నీరు పల్లమెఱుగును” అని మనవారి సామెత. దానిని ఎదిరించుటకంటె వేఱొక పల్లము చూపుట మేలు. అందుచేత పని ఎప్పుడును వెలుపల మొదలుపెట్టవలెను.

మన ముప్పది నలుబది స్థలమునే తీసికొందము. వేయిన్నీ రెండువందల చదరపు అడుగులపై ఒక అంగుళము వాన కురిసినచో దాదాపు 2,800 లీటర్ల నీరగును. 2022 సెప్టెంబరు 5వ తేదీ ఉదయమునకు ముగిసిన ఇరువది నాలుగు గంటలలో బెంగళూరున 131.6 మిల్లీమీటర్ల వాన నమోదైనది. ఆ లెక్కన అంత స్థలముపై ఒక్క దినమున 14,000 లీటర్లకు పైగా నీరు పడును. మిద్దె మీది గొట్టములు ఈ నీటిని గోడ మొదటనే కుమ్మరించుచున్నచో సెల్లారులో ఊట రాక ఏమి వచ్చును? గొట్టములను గోడకు దూరముగా త్రిప్పుడు. ముంగిలిని గోడ నుండి వెలుపలికి, పదడుగులకు ఆరంగుళముల వాలు వచ్చునట్లు సరిచేయుడు. అంత చోటు లేనిచో ఉన్నంతలోనే వాలు పెట్టి, కాలువ కట్టి వీధి కాలువలో కలుపుడు. సెల్లారునకు దిగు బండి దారి మొదట చిన్న మెరక కట్టుడు. దిగువన జాలి మూతగల అడ్డుకాలువ త్రవ్వింపుడు. వీధి కాలువ పొంగినపుడు మురుగు వెనుకకు తన్నకుండ సెల్లారు గొట్టమునకు నాన్‌రిటర్న్ వాల్వు బిగింపుడు.

ఇచ్చట ఒక హెచ్చరిక. వాననీటిని భూమిలోనికి ఇంకించుట మంచి పని. కాని ఇంకుడు గుంతను సెల్లారు గోడ ప్రక్కనే త్రవ్వుట, మన నీటిని మనమే మన ఇంటిలోనికి పిలిచినట్లగును. గుంతను వీలైనంత దూరమున, పల్లపు వైపున, సెల్లారు అడుగుకంటె లోతుగా త్రవ్వింపుడు. ఈ పని తెలిసినవారు మన మధ్యనే కలరు. బావులు త్రవ్వు మన్ను ఒడ్డెలు తరతరములుగా ఈ ప్రాంతమున నున్నవారు. వారిలో పలువురి ఇంటి పలుకు తెలుగు యాసయే. బెంగళూరు కబ్బన్ పార్కులో పూడిపోయిన ఏడు పాత బావులను పూడిక తీసి మరల జలముతో నింపినది ఈ కులవృత్తివారి చేతులే. ‘పది లక్షల బావులు’ అను పేర బయోమ్ ట్రస్టు నడుపు ఉద్యమమునకు వీరే ఆధారము. ఏ వీధిలో ఎన్ని అడుగులకు పైనీరు తగులునో వారికి తెలిసినంతగా చాలమందికి తెలియదు. క్రొత్తగా సెల్లారు త్రవ్వదలచినవారు మొదట ఇంజనీరును, పిమ్మట బావి త్రవ్వు పెద్దను, ఇద్దరిని అడిగి గాని గడ్డపార వేయరాదు.

వెలుపలి నీటిని మరలించిన తరువాతను ఊట నిలువనిచో అప్పుడు గోడ వంతు. గోడ వెలుపల త్రవ్వుటకు చోటున్నవారు వెలుపలి ముఖమునకే పొర వేయించి, అడుగున కంకర నడుమ చిల్లుల గొట్టము పరచి నీటిని బయటికి నడపుట ఉత్తమము. ఇరుగు పొరుగు గోడలు తాకియున్నచోట ఇది సాధ్యము కాదు. అట్టివారు పగుళ్లను రసాయనమును లోనికెక్కించి పూడ్పించవచ్చును. గోడయు నేలయు కలియు మూలను ముఖ్యముగా చూపింపుడు, చాల ఇండ్లలో నీరు వచ్చు ద్వారము అదియే. అప్పటికిని ఆగనిచో గోడ వెంబడి లోపల సన్నని కాలువ తీసి, ఒక మూల చిన్న గుంతలో నీరు చేర్చి, పంపుతో బయటికి పంపుట మేలు. ఇది ఓటమి కాదు. వచ్చెడి నీటిని కనబడు త్రోవన నడిపించుట, కనబడని త్రోవన గోడను తినిపించుటకంటె ఎంతో మేలు.

వరదనీరు నిండిన సెల్లారును ఒక్కసారిగా తోడివేయకుడు. వెలుపలి నేల ఇంకను నీటితో నిండియుండగా లోపలి నీరు హఠాత్తుగా పోయినచో గోడలు లోనికి త్రోయబడును, నేల పైకి లేచును. రోజునకు మూడవ వంతు చొప్పున, గీత పెట్టుకొని, నెమ్మదిగా తోడవలెను.

అలంకారములను గూర్చి ఒక మాట. ఊట నిలిచి ఒక వానకాలము పూర్తిగా గడచువరకు ప్లైవుడ్డు, జిప్సము బల్లలు, తివాసులు వేయవద్దు. అవి నీటిని ఆపవు, దాచును. దాచినచోట బూజు పెరుగును. బూజు గాలి ఉబ్బసము గలవారికి, పసిపిల్లలకు కీడు. గోడ గోడగా కనబడనిండు. బీరువాలను జానెడు దూరము జరుపుడు. బియ్యపు బస్తాలు, పత్రములు, పెండ్లి పట్టుచీరలు క్రింద పెట్టకుడు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాము. 2025 మే నెలలో బెంగళూరు బీటీఎం లేఅవుటులో ఒక భవనపు నేలమాళిగలో వాననీరు నిలువగా, దానిని తోడు ప్రయత్నమున విద్యుత్తు తగిలి 63 ఏండ్ల పెద్దమనిషియు, 12 ఏండ్ల బాలుడును మరణించిరి. 2024 జులై 27న ఢిల్లీ పాత రాజేంద్రనగరమున ఒక శిక్షణ సంస్థ నేలమాళిగలోని గ్రంథాలయములోనికి వరదనీరు దూకి ముగ్గురు విద్యార్థులు మునిగి చనిపోయిరి. వీరిలో ఎవ్వరును సాహసము చేయబోయినవారు కారు. ఒకచోట ఇంటిపని, ఒకచోట చదువు.

కావున మన సంఘ కుటుంబములను మేము మూడు విషయములు వేడుకొనుచున్నాము. మొదటిది, సెల్లారు విద్యుత్ తీగలన్నిటిని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ద్వారా పోనిచ్చి, ప్లగ్గులను రొమ్మెత్తున పెట్టింపుడు. మెయిను స్విచ్చి మాత్రము సెల్లారులో ఉండరాదు. రెండవది, నీరు నిలిచినపుడు పైన మెయిను తీయక ఎవ్వరును, యజమాని గాని పనివాడు గాని, ఆ నీటిలో కాలు పెట్టరాదు. పిల్లలను దరికి రానీయరాదు. మూడవది, ఊట యున్న సెల్లారులో ఎవ్వరిని పడుకొననీయకుడు. నెలకు వచ్చు బాడుగ మనకు అవసరమే, కాదనము. కాని కడప నుండియో కర్నూలు నుండియో వచ్చిన బిడ్డను వాళ్ల అమ్మ మన తెలుగు ఇల్లని నమ్మి పంపినది. ఆ నమ్మకమును ఒకే మెట్ల దారి గల చెమ్మ గదిలో పడుకోబెట్టుట మనకు తగదు. జాతీయ భవన నిర్మాణ సంహిత కూడ నేలమాళిగ గోడలును నేలయు నీరు చొరనివిగా నుండవలెననియు, పైనీరు లోనికి దిగని ఏర్పాటు ఉండవలెననియు చెప్పుచున్నది. సంహిత చెప్పకున్నను ఇది మనుష్య ధర్మము.

ఇరుగు పొరుగువారితో తగవులను గూర్చియు చెప్పవలెను. ఊట వచ్చిన వెంటనే ప్రక్కింటి సంపును నిందించుట మనకు అలవాటు. ముందు మన సంపును పరీక్షించి, పుస్తకము చేత పట్టుకొని, “అన్నా, మాది చూచుకొంటిమి, మీదియు ఒక రాత్రి చూతమా?” అని అడిగినచో కన్నడిగుడైనను, తమిళుడైనను, ఉత్తరాది వాడైనను కాదనడు. మన నీటిని పంపుతో తోడి ప్రక్కింటి గోడ మొదట పోయుట మాత్రము ఎన్నడును చేయరాదు. అది నాలుగు దినములలో మన గోడకే తిరిగి వచ్చును. వీధి కాలువను, రాజకాలువను ఆక్రమించినవాని నీరు కూడ ఎవరి ఇంటిలోనికో పోవలసినదే. బయోకాన్ ఫౌండేషన్ చేయూతతో మన హెబ్బగోడి చెరువు తిరిగి కళకట్టినది. చెరువు నిండుట ఊరికి మేలు. చెరువు దాపున ఇల్లు కట్టువారు దాని నీటి మట్టమును లెక్కలోనికి తీసికొని కట్టవలెను గాని చెరువును తిట్టరాదు.

తుదకు కాలమును గూర్చి. బెంగళూరునకు పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరు నెలలవి. అనగా ఉత్తర, హస్త, చిత్త కార్తెలు. ఊటను వెదకుటకు తగిన కాలము అదియే. బాగుచేయుటకు తగిన కాలము మాఘ ఫాల్గుణములు, నేల ఆరి నీటి మట్టము దిగినపుడు. మనవారు దీనిని తలక్రిందులు చేయుదురు. హస్తలో నీరు కారుచుండగా మేస్త్రీని తెచ్చి తడిగోడకు పూత పూయింతురు, మాఘములో గోడ ఆరినది గదా అని మరచిపోవుదురు. హస్తలో చూచి పుస్తకమున వ్రాసికొనుడు, మాఘములో పని చేయింపుడు.

వచ్చు మాఘమున ప్రతి ఆదివారము ఉదయము మనవారిలో ఇద్దరు ముగ్గురు కలిసి, కోరినవారి ఇండ్లకు వచ్చి సంపు పరీక్ష, కాగితపు పరీక్ష చేసి చూపుటకు సిద్ధముగా నున్నాము. దీనికి రుసుము లేదు. మా అంగడిలో ఏదియు కొనవలెనన్న నియమమును లేదు. మన వీధిలోని ఇతర భాషలవారిని కూడ పిలుచుకొని రండు. పేరు వ్రాయించువారు సభ ముగిసిన పిదప మా వద్దకు రాగోరెదము.